డ్రీమ్ థియేటర్ 1997 ఆల్బమ్ రెండు డిస్కులుగా రావాల్సిందా?

రాగమాలిక:
అమెరికన్ రాక్ బ్యాండ్ డ్రీమ్ థియేటర్ ఆల్బమ్‌లన్నీ వరసగా మళ్లీ వింటున్నాను. 1992లో ఇమేజెస్ అండ్ వర్డ్స్, 1994లో అవేక్, రెండూ అదుర్స్. 1997 నాటి ఫాలింగ్ ఇంటూ ఇన్ఫినిటీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. బ్యాండ్ రెండు డిస్కులకు సరిపడా పాటలు సిద్ధం చేసుకుంది. రికార్డు కంపెనీ ఈస్ట్‌వెస్ట్ కుదరదంది. 'పుల్ మీ అండర్' లాంటి హిట్ ఇంకోటి కావాలని దాని పట్టు. బాన్ జోవి, ఏరోస్మిత్ బ్యాండ్‌లతో కలిసి హిట్లు రాసిన డెస్మండ్ చైల్డ్‌ను రప్పించారు. 'యు ఆర్ మీ' (You or Me) అనే పాట ఆయన చేతిలో పడి 'యు నాట్ మీ' అయింది. 'రెయిజ్ ద నైఫ్' లాంటి పాటను పక్కన పడేశారు. ఇరవై నిమిషాలు దాటిన 'మెట్రోపొలిస్ పార్ట్ 2' డెమోకీ (నమూనా రికార్డింగ్‌కీ) అదే గతి. పదేళ్ల తర్వాత, 2007లో, డ్రమ్మర్ మైక్ పోర్ట్‌నాయ్ తన ఇట్సీజామ్ రికార్డ్స్ ద్వారా ఆ డెమోలు బయటపెడితే గానీ అసలు ప్లాన్ ఏమిటో మనకు పూర్తిగా తెలియలేదు. నా మాట ఒక్కటే: అది రెండు డిస్కులుగానే రావాల్సింది. మీరేమంటారు?

బేస్‌గిటార్:
నేను ఒప్పుకోను. అప్పుడే రెండు డిస్కులు వచ్చుంటే మనకు 1999లో సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ ఆల్బమ్ దొరికేది కాదు. 'మెట్రోపొలిస్ పార్ట్ 2' డెమో మీరు విన్నారు కదా. అందులో పాట లేదు, మొత్తం వాయిద్యమే. సీన్స్‌లోని 'ఓవర్చర్ 1928'లో, 'స్ట్రేంజ్ డేజా వు'లో వినిపించే ట్యూన్‌లు అక్కడ ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. కథ లేదు, సీన్స్ కథలోని విక్టోరియా పాత్ర లేదు. కీబోర్డ్ వాయించే డెరెక్ షెరీనియన్ స్థానంలో జోర్డన్ రూడెస్ వచ్చాక, గిటారిస్ట్ పెట్రుచి, పోర్ట్‌నాయ్ తామే నిర్మాతలుగా కూర్చుని ఆ ముక్కల్ని 77 నిమిషాల కథగా మలిచారు. పచ్చికాయను ముందే కోసేయకపోవడం మన అదృష్టం.

ఇంకో సంగతి. 'కత్తెర వేశారు' అని అందరూ అంటారు గానీ, వచ్చిన ఆల్బమ్ 78 నిమిషాలుంది. ఒక సీడీలో అంతకు మించి పెద్దగా పట్టదు.

నైట్‌షిఫ్ట్:
డెమోలు విన్నాను. 'స్పీక్ టు మీ', 'కవర్ మై ఐస్' లేకపోయినా కొంపేమీ మునగలేదు. ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

తాళంచెవి:
ఒకటా రెండా అని లెక్కపెట్టుకుంటూ ఆల్బమ్‌ లోపల ఏముందో వదిలేస్తున్నాం. 'హెల్స్ కిచెన్' మొదట విడి పాట కాదు, 'బర్నింగ్ మై సోల్' మధ్యలో ఉండే వాయిద్య భాగం. దాన్ని బయటికి తీసి విడిగా నిలబెట్టారు. ఇప్పుడు అది నాలుగు నిమిషాల పాటు మెల్లగా పైకి లేచి, ఎక్కడా ఆగకుండా 'లైన్స్ ఇన్ ద సాండ్'లోకి వెళ్లిపోతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ కలిసే చోటు వినండి. గిటార్ పూర్తిగా తగ్గిపోతుంది, షెరీనియన్ కీబోర్డ్ ఒక్కటే చాలాసేపు తేలుతూ ఉంటుంది, ఆ తర్వాతే రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) మొదలవుతుంది. కోరస్‌లో కింగ్స్ ఎక్స్ గాయకుడు డగ్ పినిక్ గొంతు మన బ్యాండ్ గాయకుడు లాబ్రీ గొంతు పక్కన గరుగ్గా వినిపిస్తుంది. మధ్యలో పెట్రుచి సోలో చూడండి, వేగం ఏమీ లేదు, ఒక్కో స్వరాన్ని సాగదీసి, ఆపి, మళ్లీ అందుకుంటాడు. రెండు పాటలూ కలిపి ఈ 16 నిమిషాలు నాకు అవేక్‌లో దేనికీ తీసిపోవు. కంపెనీ ఒత్తిడి అనే ఒక్క మాటతో ఈ ఆల్బమ్‌ను కొట్టిపారేసేవాళ్లు ఇక్కడిదాకా వినరేమో అని నాకు బాధ.

నిర్మాత కెవిన్ షర్లీని కూడా ఊరికే తిడతారు. జనం నెత్తిన పెట్టుకునే సీన్స్ మిక్సింగ్‌లోనూ ఆయన చేయి ఉంది.

రాగమాలిక:
'లైన్స్ ఇన్ ద సాండ్' గురించి మీరన్న ప్రతి మాటా నిజం, తాళంచెవి గారూ. నా కోపం ఆ పాట మీద కాదు. అలాంటి పాట రాయగల బ్యాండ్ చేత 'యు నాట్ మీ' పాడించినవాళ్ల మీద. పాత 'యు ఆర్ మీ' వినండి, కోరస్‌లో తడబాటు ఉంది, కానీ అది వాళ్లదే. కొత్త దాంట్లో కోరస్ రేడియో కోసం చెక్కినట్టుంటుంది. ఇంత చేసినా అదేమీ 'పుల్ మీ అండర్' అంత హిట్ కాలేదు. ఇదే ఆల్బమ్‌లో 'జస్ట్ లెట్ మీ బ్రీత్' అంటూ సంగీత వ్యాపారాన్నే దులిపేశాడు పోర్ట్‌నాయ్. అప్పుడు వాళ్లకు ఎంత ఉక్కపోతగా ఉండి ఉంటుంది!

బేస్‌గిటార్ గారూ, 'మెట్రోపొలిస్' ఆగడం మంచిదే అన్న మీ వాదన బాగుంది. అయితే రెండో డిస్కు కోసం దాన్నే వాడక్కర్లేదు కదా? 'రెయిజ్ ద నైఫ్' ఒక్కటి చాలు నా కేసు గెలవడానికి. 2006లో రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో, ఇరవై ఏళ్ల కచేరీలో, ఏరికోరి ఆ పాట వాయించారు. స్కోర్ అనే లైవ్ ఆల్బమ్‌లో ఉంది. బ్యాండే దాన్ని మర్చిపోలేదు మరి.

బేస్‌గిటార్:
'రెయిజ్ ద నైఫ్' విషయంలో మీతో గొడవ లేదు. దానికి చోటు కావాలంటే మాత్రం రెండో డిస్కు ఎందుకు? 'యు నాట్ మీ', 'అన్నా లీ' తీసేయండి. దాదాపు పదకొండు నిమిషాలు ఖాళీ అవుతాయి, ఇంచుమించు సరిపోతుంది.

తాళంచెవి:
'అన్నా లీ' జోలికి రాకండి. దాని బదులు 'బర్నింగ్ మై సోల్' తీసుకోండి.