ప్రచురించుదురా, ప్రచురించెదరా?

పల్నాటి_పిల్ల: సంస్కారపు ఆదివారం (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే రోజు) మా పాస్టరు అయ్యగారు "ప్రభువు వచ్చువరకు ఆయన మరణమును ప్రచురించెదరు" అంటారు. బైబిల్లో (1 కొరింథీ 11:26) చూస్తే "ప్రచురించుదురు". చిన్నప్పటి నుంచీ నా చెవిలో మాత్రం 'చెదరే'. అర్థంలో తేడా ఉందంటారా?

వ్యాకరణప్రియ: ఎందుకు లేదండీ! 'ఎదరు' భవిష్యత్తు, 'దురు' తద్ధర్మం, అంటే ఎప్పుడూ జరిగేదాన్ని చెప్పే రూపం. చిన్నయసూరి చదివినవాళ్లకి కొత్తేం కాదు. మరణం ఎప్పుడో జరిగింది, రాకడ ఇంకా జరగాలి, రొట్టె ఇప్పుడు చేతిలో ఉంది. ఈ మూడింటికీ సరిపోయేది ఏ కాలానికీ కట్టుబడని 'దురు' ఒక్కటే.

గోదారి_గట్టు: వినడానికి బాగుంది. మరి సిలువ మీద దొంగతో "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్నది? అదీ 'దు' రూపమే. తద్ధర్మమేనా? 'నేడు' అని గడువు కూడా పెట్టాడాయె!

వ్యాకరణప్రియ: అక్కడ గడువు 'నేడు' వల్ల వచ్చింది. మన కొరింథీ వచనంలో 'ప్రచురించుదురు'కి ముందున్నది "త్రాగునప్పుడెల్ల". 'ఎల్ల'ని వదిలేసి 'దురు' మీద పడితే ఎలా?

కోయిర్_తమ్ముడు: ఆ 'ఎల్ల' మాకు నెలకోసారి, మొదటి ఆదివారం. పక్కవీధి బ్రదరన్ సహవాసంలో వారంవారం. మా నాయనమ్మకి నెల అంటే సంస్కారం నుంచి సంస్కారానికే. పాలవాడి లెక్క కూడా ఆ ఆదివారమే తేల్చేది, వాడు ఒకటో తారీఖని ఎంత మొత్తుకున్నా. శ్రమల దినాలూ అంతే కదా. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా 46 రోజులు, మనం అనేది నలభై. ఆరు ఆదివారాలూ పునరుత్థానపు రోజులని లెక్కలోకి తీసుకోం.

జాషువా_వీరాభిమాని: పద్యంలో పెట్టి చూశాను. రెండిటికీ ల ల గ ల ల ల. ఛందస్సు ఏ పక్షమూ కాదు. అసలు ఇలాంటి చోట జాషువాగారి చెవి కావాలి. 'క్రీస్తు చరిత్ర'కి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ వచ్చిందని అందరూ చెప్తారు, తెరిచి చదివేవాళ్లేరీ? అంతా 'గబ్బిలం' దగ్గరే ఆగిపోతారు.

గోదారి_గట్టు: మొదలెట్టారూ! గబ్బిలం దగ్గర ఆగితే మాత్రం తప్పేంటండీ?

జాషువా_వీరాభిమాని: తప్పని ఎవరన్నారు? ఆ తర్వాత కూడా ఆయన రాశారు మహాప్రభో అంటున్నా.

పల్నాటి_పిల్ల: అయ్యా, మా అయ్యగారి 'చెదరు' సంగతి?

గ్రీకు_మాస్టారు: గ్రీకు మూలంలో ఆ క్రియ వర్తమానం. అదే రూపం విధికీ, అంటే ఆజ్ఞకీ చెల్లుతుంది. కాబట్టి "ప్రచురించుడి" అన్నా కాదనలేం. మీ దురూ, చెదరూ రెండూ పక్కన పెట్టండి.

వ్యాకరణప్రియ: ఆ మూలంలోనే వాక్యం 'ఏలయనగా' అన్న అర్థంతో మొదలవుతుంది కదా మాస్టారూ. కారణం చెప్పే వాక్యంలోకి ఆజ్ఞ ఎక్కణ్ణించి వస్తుంది?