"మహాకపాలి సంపదే": పుర్రె శివుని చేతిలోనా, తలమీదనా?

హనుమకొండ నుండి ఒక సభ్యురాలి ప్రశ్న:

శివరాత్రి నాడు వేయిస్తంభాల గుడి దగ్గర శివతాండవ స్తోత్రం వింటుండగా, "మహాకపాలి సంపదే అంటే అది కపాలి ఆస్తియే అని అర్థమా?" అని మా అబ్బాయి అడిగాడు. ఇంట్లో ఉన్న తాత్పర్య పుస్తకంలో "కపాలధారియైన శివుడు మాకు సంపదలిచ్చుగాక" అని మాత్రమే ఉన్నది. ఈ పాదాన్ని ఎట్లా విడదీయాలో, పుర్రె ప్రసక్తి ఇక్కడ ఎందుకు వచ్చిందో పెద్దలు వివరించగలరు.

సమాధానం:

అమ్మా, మీ అబ్బాయి ఆ మాటను తెలుగు చెవితో విన్నాడు. తెలుగులో "సంపదే" అన్నప్పుడు చివరి ఏకారం ఒత్తి చెప్పడానికి వస్తుంది. సంస్కృతంలో అది "సంపద్" శబ్దానికి చతుర్థీ ఏకవచనం, అంటే "సంపద కొరకు" అని. ముందుగా శ్లోకం మొత్తం చూద్దాం.

లలాటచత్వరజ్వలద్ధనంజయస్ఫులింగభా-
నిపీతపంచసాయకం నమన్నిలింపనాయకమ్ ।
సుధామయూఖలేఖయా విరాజమానశేఖరం
మహాకపాలి సంపదే శిరో జటాలమస్తు నః ॥

ఇందులో క్రియ "అస్తు", అంటే "అగుగాక". దానికి కర్త ఎవరని వెదికితే శివుడు దొరకడు. "శిరః" అనే మాట దొరుకుతుంది. అది "జటాలమ్" అనే పదంతో కలిసినప్పుడు విసర్గ ఓకారమై "శిరో జటాలమ్" అయింది. కాబట్టి ఇది శివుణ్ణి గాక, జడలు కట్టిన ఆయన శిరస్సును ఉద్దేశించి చేసిన ప్రార్థన. "నిపీతపంచసాయకం", "నమన్నిలింపనాయకమ్", "విరాజమానశేఖరం" అనే మూడింటి చివర మకారం చూసి చాలామంది వాటిని ద్వితీయా విభక్తిగా భావించి, లేని "నమామి"ని మనసులో చేర్చుకుంటారు. శిరస్ శబ్దం నపుంసకలింగం కనుక అవి దానికి విశేషణాలుగా ప్రథమా విభక్తిలోనే ఉన్నాయి.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. "కపాలిన్" నకారాంత శబ్దం. పుంలింగంలో ప్రథమైకవచనం "కపాలీ" అని దీర్ఘాంతం, నపుంసకంలో "కపాలి" అని హ్రస్వాంతం. శ్లోకంలో ఉన్నది హ్రస్వం. తెలుగులోకి వచ్చిన కపాలి, యోగి వంటి తత్సమాలన్నీ ఎట్లాగూ హ్రస్వాంతాలే కనుక మనకు ఇక్కడ తేడా తోచదు. కపాలి అనగానే శివుడే అనుకొని ముందుకు సాగిపోతాం. ఛందస్సు కోసం కవి దీర్ఘాన్ని కుదించాడని కొందరు అనవచ్చు. ఇది జ, ర, జ, ర, జ గణాలతో చివర ఒక గురువు వచ్చే పంచచామరం. లఘువు, గురువు ఒకదాని వెంట ఒకటిగా నడుస్తాయి. పాదంలో అయిదో అక్షరం లఘువు కావలసిందే. అయితే నపుంసక విశేషణంగా తీసుకుంటే ఏ కుదింపూ అవసరం లేకుండా వ్యాకరణమూ ఛందస్సూ రెండూ కుదురుతున్నప్పుడు, కవి తప్పటడుగు వేశాడని మనం ఎందుకు ఊహించాలి? "మహాకపాలి శిరః" అంటే గొప్ప కపాలం గల శిరస్సు. తాత్పర్య పుస్తకం పుర్రెను శివుని చేతిలో పెట్టింది. శ్లోకం దానిని తలమీద పెట్టింది.

ఈ తేడా చిన్నది కాదు. చేతిలోని కపాలం కథ వేరు. బ్రహ్మ అయిదో తలను తుంచినందుకు ఆ పుర్రె భైరవుని చేతికి అంటుకొని, కాశిలో కపాలమోచన తీర్థం దగ్గర గాని ఊడిపడలేదని పురాణాలు చెబుతాయి. బ్రహ్మహత్య చేసినవాడు పుర్రెను గుర్తుగా పట్టుకొని, తన తప్పును తానే చాటుకుంటూ, పన్నెండేళ్లు భిక్షమెత్తుకు తిరగాలని యాజ్ఞవల్క్య స్మృతి కూడా విధించింది. అంటే చేతి పుర్రె ప్రాయశ్చిత్తానికి గుర్తు, పైగా భిక్షాపాత్ర. తలమీదికి చేరిన పుర్రె మాత్రం కిరీటంలో భాగం. శిల్పశాస్త్రాలు విష్ణువుకు కిరీటమకుటాన్ని, దేవీమూర్తులకూ చిన్న దేవతలకూ కరండమకుటాన్ని, శివునికి జటామకుటాన్ని చెప్పాయి. మొదటి రెంటికీ రత్నాలు అలంకారం. జటామకుటంలో మాత్రం నెలవంక, పాము, గంగ, ఉమ్మెత్త పువ్వులతో పాటు పుర్రె కూడా ఉంటుంది. చోళుల కాలపు నటరాజ కంచు విగ్రహాల తలకట్టును దగ్గరగా చూస్తే అది స్పష్టంగా కనిపిస్తుంది. రాజు రత్నం ధరించేచోట ఈయన మృత్యువును ధరించాడు. శ్లోకంలో ముందు రెండు పాదాల్లో మన్మథుణ్ణి కాల్చిన నుదుటి నిప్పు, మూడో పాదంలో అమృతకిరణాల చంద్రరేఖ, నాలుగో పాదంలో కపాలం వరుసగా రావడం గమనించండి. చంపేదీ, బతికించేదీ, చచ్చిన తరువాత మిగిలేదీ ఒకే తలమీద ఉన్నాయి.

మన ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. కాకతీయ రెండో బేతరాజు కాలాముఖ శైవాచార్యుడైన రామేశ్వర పండితునికి శిష్యుడని కాజీపేట శాసనం వల్ల తెలుస్తున్నది. కాలాముఖులు పుర్రెలో తింటారని, శవభస్మం పూసుకుంటారని వైష్ణవాచార్యులైన రామానుజులు శ్రీభాష్యంలో రాశారు. కాని కర్ణాటక శాసనాల్లో అదే కాలాముఖులు మఠాధిపతులుగా, న్యాయ వ్యాకరణాలు తెలిసిన పండితులుగా కనిపిస్తారు. ప్రత్యర్థి రాసిన వర్ణన ఒక్కదాన్నే పట్టుకొని ఒక శాఖ ఆచారాన్ని నిర్ణయించడం నాకు సమ్మతం కాదు.

కరీంనగర్ నుండి ఒక సభ్యుడు:

గురువుగారూ, మీ అన్వయం బాగున్నది. ఒక్క సందేహం. హిందీలో కపాల్ అంటే నుదురు కూడా. "మహాకపాలి శిరః" అంటే విశాలమైన నుదురు గల తల అని చెప్పుకోరాదా? అప్పుడు పుర్రెతో పనే ఉండదు.

సమాధానం:

చెప్పుకోవచ్చు గాని, రెండు అడ్డంకులున్నాయి. నుదురు మొదటి పాదంలో "లలాటచత్వర" అని వచ్చేసింది. నుదుటిని ముంగిలి అంత విశాలంగా అక్కడే వర్ణించిన కవి, మళ్లీ నాలుగో పాదంలో "పెద్ద నుదురు గలది" అంటే పునరుక్తి అవుతుంది. రెండోది, అమరకోశం కపాలాన్ని కర్పరంతో జత చేసి తల ఎముక అనే చెప్పింది. అంతకుముందు వైదిక వాడుకలో కపాలమంటే మట్టి పెంకు. యజ్ఞంలో పురోడాశాన్ని, అంటే హవిస్సుగా ఇచ్చే పిండిరొట్టెను, కాల్చే పెంకులు అవే, అగ్నికి ఇచ్చేది ఎనిమిది పెంకులది గనుక "అష్టాకపాలం". పెంకు నుండి తలపెంకుకు మాట సాగింది. మన పుర్రె దీనికి ఎదురు దారి పట్టింది: "పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అన్నప్పుడు అది బతికున్నవాడి తలే.

హనుమకొండ సభ్యురాలు మళ్లీ:

ధన్యవాదాలండీ. టోపీల మీద పుర్రె గుర్తు పెట్టుకున్న యూరప్ సైనికుల బొమ్మలు మా అబ్బాయి చూపించాడు. అదీ ఇదీ ఒకటేనా?

సమాధానం:

కాదమ్మా. ప్రష్యాలో ఫ్రెడరిక్ రెండో రాజు 1741లో ఏర్పరచిన అయిదో హుస్సార్ అశ్వదళం నల్లటి టోపీలపై పుర్రె, ఎముకల గుర్తు ధరించింది. అది శత్రువు చూడడానికి పెట్టినది. 1759లో క్విబెక్ యుద్ధంలో చనిపోయిన సేనాని వుల్ఫ్ స్మృతిలో ఒక బ్రిటిష్ అశ్వదళం పుర్రె కింద "లేదా కీర్తి" అని రాసుకున్నది. పుర్రెను మృత్యువుగా చదివితే "మృత్యువు లేదా కీర్తి" అవుతుంది. మన జటామకుటానికి దగ్గరి చుట్టం టిబెట్ బౌద్ధంలో ఉన్నది: మహాకాలుడు మొదలైన ఉగ్రమూర్తుల తలపై ఉండే అయిదు పుర్రెల కిరీటం. ఆ అయిదింటికీ అయిదు దోషాలు అయిదు జ్ఞానాలుగా మారడమని అర్థం చెబుతారు.

మీ పుస్తకంలోని తాత్పర్యం పక్కన పెన్సిలుతో ఇట్లా రాసుకోండి: "విశాలమైన నుదుటిపై మండే అగ్నికణాల కాంతిలో మన్మథుణ్ణి హరించినదీ, దేవేంద్రుడు మొక్కేదీ, అమృతకిరణుడైన చంద్రుని రేఖతో ప్రకాశించే శిఖ గలదీ, గొప్ప కపాలాన్ని ధరించినదీ, జడలతో నిండినదీ అయిన ఆ శిరస్సు మాకు సంపద కొరకు అగుగాక." చదివేటప్పుడు "మహాకపాలి" దగ్గర కొంచెం ఆగి "సంపదే" అనమని మీ అబ్బాయికి చెప్పండి.