మిక్కీ ఎక్కిన చిక్కుడు చెట్టు, నాయనమ్మ చెప్పే ఏడు చేపలు: మా బాబు విషయంలో సలహా కావాలి

హన్మకొండ_అమ్మ

అందరికీ నమస్కారం. మాది హన్మకొండ. మా బాబుకు ఏడేళ్లు, రెండో తరగతి చదువుతున్నాడు. పోయిన నెలలో వాడు ఇంట్లో ‘మిక్కీ అండ్ ది బీన్‌స్టాక్’ చూశాడు. పాత జానపద కథలను పిల్లలందరూ గుర్తుపట్టే కార్టూన్ పాత్రలతో చెప్పించే అరగంట కార్యక్రమాల్లో అది ఒకటి. వాడికి అది ఎంత నచ్చిందంటే, ఇంట్లో తిండి అయిపోయినప్పుడు మిక్కీ రొట్టెను అవతలి వెలుతురు కనిపించేంత పల్చగా కోసి, ఉన్న ఒక్క చిక్కుడు గింజను తనకూ డోనాల్డ్‌కూ గూఫీకీ పంచే ఘట్టాన్ని రోజూ రాత్రి చపాతీతో చేసి చూపిస్తున్నాడు. అంతవరకు నాకూ సంతోషమే.

నా బాధ దాని తరువాతిది. నేను చిన్నప్పుడు బడిలో చదువుకున్న ఆ కథలో చెట్టెక్కినవాడు జాక్ అనే పిల్లవాడని చెబితే, ‘కాదు, మిక్కీయే ఎక్కాడు, నీకు తప్పు చెప్పారు’ అన్నాడు. మా అత్తమ్మది వర్ధన్నపేట దగ్గర ఊరు. వాడు పుట్టినప్పటి నుంచి పడుకోబెట్టేటప్పుడు కథ చెప్పేది ఆమెనే. ఆ రాత్రి ఆమె ఏడు చేపల కథ మొదలుపెట్టి, రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు పోయి ఏడు చేపలు తెచ్చిండ్రని చెబుతుండగానే, ‘నాయనమ్మా, ఇందులో మిక్కీ ఎవరు?’ అని అడిగాడు. ఎవరూ కాదని ఆమె చెప్పగానే సగంలో లేచి నా దగ్గరికి వచ్చేశాడు. ఆమె ఏమీ అనలేదు. కానీ మర్నాటి రాత్రి కథ మొదలుపెట్టలేదు, ఆ తరువాతి రాత్రి కూడా లేదు. వాడిని పక్కన పడుకోబెట్టుకొని ఊరికే వీపు మీద తట్టింది.

ఇలాంటి కార్యక్రమాల వల్ల పిల్లల మనసులో అసలు కథ చెరిగిపోతుందా? వీటిని మాన్పించడం మేలా, లేక నేను అనవసరంగా భయపడుతున్నానా? ఈ రంగం తెలిసినవారు, పిల్లలతో పనిచేసేవారు చెప్పగలరని కోరుతున్నాను.

కాజీపేట_బొమ్మలపెట్టె

నేను కాజీపేటవాణ్ని. హైదరాబాదులో యానిమేషన్ పని చేస్తున్నాను. అక్కా, మీ అత్తగారు మౌనంగా ఉండిపోయిన మాట చదివి ఈ జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

ముందుగా ఆ చిక్కుడు చెట్టు కథ సంగతి చెబుతాను, ఎందుకంటే అందులోనే మీ ప్రశ్నకు కొంత జవాబు ఉంది. జాక్ కథ ఇంగ్లండులో నోటి మీద బతికిన కథ. 1807లో బెంజమిన్ టాబర్ట్ అచ్చువేసినప్పుడు, దొంగతనం చేసిన పిల్లవాణ్ని పిల్లలకు చూపించడానికి మనసొప్పక కాబోలు, ఒక దేవకన్యను తెచ్చి, ఆ రాక్షసుడు జాక్ తండ్రిని చంపి ఆస్తి దోచుకున్నాడని ఆమెతో చెప్పించాడు. 1890లో జోసెఫ్ జేకబ్స్ తాను ఆస్ట్రేలియాలో చిన్నప్పుడు విన్న తీరులో ఆ కథను రాసినప్పుడు ఆ సాకు లేదు. జాక్ పైకి పోయి బంగారు నాణేల సంచిని, బంగారు గుడ్లు పెట్టే కోడిని, పాడే వీణను ఒకదాని తరువాత ఒకటి ఎత్తుకొస్తాడు, అంతే. మీ బాబు చూసినది 1947లో డిస్నీ సంస్థ తీసిన ఒక సినిమాలో సగభాగం. అందులో రాక్షసుడే ముందు వీణను దొంగిలిస్తాడు, దాంతో లోయ అంతా ఎండిపోతుంది, మిక్కీ దాన్ని తిరిగి తెస్తాడు. మిక్కీ దొంగ కాకూడదు కాబట్టి కథే పక్కకు జరిగింది. చిత్రమేమిటంటే, 1807లో టాబర్ట్ చేసిన పనినే వీళ్లూ చేశారు.

మా పనిలో తెలిసిన పాత్రను ఎందుకు వాడతారంటే, అరగంటలో కొత్త మనిషిని పరిచయం చేసేంత తీరిక ఉండదు. డోనాల్డ్ బాతుకు కోపం ఎక్కువని పిల్లలందరికీ ముందే తెలుసు. కాబట్టి ఆకలికి తాళలేక వాడు గొడ్డలి పట్టుకొని ఆవు మీదికి పోయినప్పుడు ఒక్క మాట వివరణ లేకుండానే ఆ ఇంటి కరువు కళ్లకు కడుతుంది. అది గొప్ప పొదుపు, దాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. 1955లో వార్నర్ వాళ్లు తీసిన చిన్న చిత్రంలో ఇదే జాక్ వేషం డాఫీ బాతుకు ఇచ్చారు. అది అత్యాశపరుడి వేషంగా మారింది, రాక్షసుడి వేషం ఎల్మర్ అనే వేటగాడిది, బగ్స్ బన్నీ అనే కుందేలు నిద్రలోనే చెట్టుతో పాటు పైకి పోతాడు. కథ అదే, పాత్ర మారగానే రుచి మారిపోయింది. మీ బాబుకు ఆ రెండింటినీ పక్కపక్కన చూపించండి. చెట్టెక్కినవాడు మిక్కీ ఒక్కడే కాదని మీరు చెప్పకుండానే వాడికి తెలుస్తుంది.

అయితే ఈ పొదుపుకు ఖరీదు కూడా ఉంది. పాత కథలో గింజలను కోపంతో కిటికీలోంచి పారేసేది జాక్ తల్లి, జాక్‌ను పొయ్యిలో దాచి కాపాడేది రాక్షసుడి భార్య. మిక్కీ కథలో ఆ ఇద్దరు ఆడవాళ్లూ లేరు. తల్లి కోపం డోనాల్డ్‌కు పోయింది, ఆ ఇల్లాలి దయ ఎవరికీ పోలేదు. నాకు ఆ కథలో అన్నిటికన్నా ఇష్టమైనది ఆ దయే. పట్టుబడితే తనకు ఏమవుతుందో తెలిసి కూడా ఆమె ఆకలితో వచ్చిన పరాయి పిల్లవాడికి తిండి పెట్టి దాచిపెడుతుంది. కార్టూన్ చూడవద్దని చెప్పకండి, కానీ ఈ ఇద్దరు ఆడవాళ్ల కథను మీరు వాడికి చెప్పండి.

ఇంకొక్క మాట. ఆ మిక్కీ చిత్రాన్ని 1963లో అమెరికా టీవీలో వేసినప్పుడు దృశ్యాలు అవే ఉంచి, కథ చెప్పేవాణ్ని మార్చారు. సినిమాలో ఎడ్గార్ బెర్గెన్ అనే కళాకారుడు తన మాట్లాడే బొమ్మలను పక్కన కూర్చోబెట్టుకొని చెబితే, టీవీలో లుడ్విగ్ వాన్ డ్రేక్ అనే బాతు ప్రొఫెసర్ చెప్పాడు. అంత ఖర్చు పెట్టి తీసినవారికి కూడా, ఎవరో ఒకరు పక్కన కూర్చుండి చెబుతున్నట్టు లేకపోతే కథ నిలవదని అనిపించింది. మీ ఇంట్లో ఆ చోటులో నిజంగానే ఒక మనిషి కూర్చుని ఉంది.

జనగామ_పంతులు

పై తమ్ముడు రాసినదానితో చాలావరకు ఏకీభవిస్తాను. నేను ముప్పై ఏళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి విరమించినవాణ్ని. అమ్మా, తెలిసిన ముఖం కథలోకి రావడం మన ప్రాంతానికి కొత్త కాదని మాత్రం చెప్పదలచుకున్నాను.

ఒగ్గు కథలో ప్రధాన కథకుడు మల్లన్న దేవుడి కథ చెబుతూ చెబుతూ తలమీది రుమాలును కొంగులా లాగి కప్పుకోగానే రాణి అవుతాడు, మరో నిమిషానికి దాన్ని నడుముకు చుట్టి రాజవుతాడు, డోలు దెబ్బ పడగానే మళ్లీ కథకుడవుతాడు. మా వైపు మాణిక్యాపురం చుక్క సత్తయ్య గారి కథకు వచ్చిన జనం మల్లన్న కోసం ఎంత వచ్చేవారో సత్తయ్య కోసం అంతే వచ్చేవారు. కానీ సత్తయ్యే మల్లన్న అని ఏ పిల్లవాడూ అనుకోలేదు, ఎందుకంటే వేషం కట్టడమూ విప్పడమూ వాడి కళ్ల ముందే జరిగేవి. కథ చెబుతూ విప్పి చూపే చేర్యాల బొమ్మల పటాల సంగతీ అంతే. పటం చూపి కథ చెప్పేవాళ్లలో కాకి పడగల వారి పటం వేరు, కూనపులి వారి పటం వేరు. ఒక్కో కులానికి దాని పురాణం, దానికి తగిన పటం ఉంటాయి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేల మీద వేసిన ఆ బొమ్మల్లో నాయకుణ్ని గడిగడికీ ఒకే రంగుతో, ఒకే నగలతో గీస్తారు. పటం ఒక్కో గడి విప్పుతుంటే దూరంగా కూర్చున్న పిల్లవాడు కూడా గుర్తుపట్టాలి కదా. కార్టూన్ వాళ్లు మిక్కీ చెవులను ఎటు తిరిగినా గుండ్రంగానే గీయడం కూడా ఇలాంటి గుర్తు కోసమే.

తేడా ఒక్కచోట ఉంది. మన కథకుడు ఆగుతాడు. పిల్లవాడు ‘ఊఁ’ కొట్టేదాకా నాయనమ్మ తరువాతి మాట చెప్పదు. పిల్లవాడు నిద్రలోకి జారుకుంటే ఆమెకు ఆ ‘ఊఁ’లోనే తెలుస్తుంది. తెర ఎవరి ఊకొట్టు కోసమూ ఆగదు. మీ బాబు అడిగిన ప్రశ్నను నేను తప్పుగా తీసుకోను. వాడు కథను కాదనలేదు, తనకు తెలిసినవాళ్లు అందులో ఎవరున్నారని అడిగాడు. ఆ వేషాలు పంచే పనిని వాడికే అప్పగించమని మీ అత్తగారితో చెప్పండి. ఆవు ఎవరు, జీతగాడు ఎవరు, చీమ ఎవరు అని ఆమె అడగాలి, వాడు చెప్పాలి. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు కూడా ఒకసారి తీసుకుపోండి.

కరీంనగర్_గ్రంథాలయం

నాది కొంచెం కఠినమైన మాట, మేడమ్, క్షమించండి. మా గ్రంథాలయానికి వచ్చే పిల్లల్లో చాలామందికి గడ్డిమోపు అంటే ఏమిటో తెలియదు, జీతగాడు అన్న మాట వినలేదు, పుట్టను పుస్తకంలోనే చూశారు. ఏడు చేపల కథ పోతే పోయేది కథ మాత్రమే కాదు, ఈ మాటలన్నీ దానితో పాటే పోతాయి. కార్టూన్ పాత్రకు వేషం ఇచ్చినా సరే, మాటలు మాత్రం మీ అత్తగారివే ఉండాలి. ఆమె యాసను సరిదిద్దకండి. వీలైతే ఆమె చెబుతుండగా ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి. అలాగే ఒక నెల రోజుల పాటు పడుకునే ముందు టీవీ వద్దు. ఈ విషయంలో నేను పై ఇద్దరికన్నా పట్టుదలగా ఉన్నాను, ఎందుకంటే తెర చూసి వచ్చిన కళ్లకు చీకట్లో చెప్పే కథ వెంటనే ఆనదు.

హన్మకొండ_అమ్మ

ఇన్ని రోజులు జవాబు రాయనందుకు మన్నించండి. మీరు చెప్పినవి చేసి చూసిన తరువాతే రాయాలనుకున్నాను.

పడుకునే ముందు టీవీని ఆపేశాము. మొదటి రెండు రోజులు అలిగాడు. సంక్రాంతి సెలవుల్లో ఐనవోలు తీసుకుపోయాము. పంతులుగారు రాసినట్టే అక్కడ ఒక ఒగ్గు కథకుడు తలగుడ్డను ముఖం మీదికి లాక్కొని సన్నని గొంతుతో ఏడవగానే మా వాడు నా చేయి గట్టిగా పట్టుకొని, ‘అమ్మా, ఇప్పుడు ఆయన రాణి’ అన్నాడు. కథ అయిపోయాక ఆయన బీడీ ముట్టించుకుంటుంటే దగ్గరికి పోయి చాలాసేపు చూశాడు.

ఆ రాత్రి మా అత్తమ్మతో నేనే అడిగించాను. ‘బిడ్డా, ఏడు చేపల కతకు మందిని నువ్వే పెట్టు, నేను చెప్త’ అన్నది. జీతగాడి వేషం గూఫీకి ఇచ్చాడు, ఆవును మేపడం మరిచిపోయేది వాడే కాబట్టి. ఎండని చేప డోనాల్డ్, ఎందుకంటే ఏది అడిగినా ఇంకొకరి మీద చెబుతాడట. బువ్వ పెట్టని అవ్వ వేషం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, ‘అవ్వ నాయనమ్మనే’ అన్నాడు. చివర ఉన్నది చీమ కాబట్టి, కథంతా దాని దగ్గరికే పోతుంది కాబట్టి, అది మిక్కీ అన్నాడు.

ఆమె వరుసగా అడుగుతూ పోయింది. ‘చేపా చేపా, ఎందుకెండలే?’ ‘గడ్డిమోపు అడ్డమొచ్చింది.’ గడ్డిమోపు అంటే ఏమిటో అడిగితే రెండు చేతులూ చాపి, తలమీద మోసినట్టు చూపించింది. అవ్వ దగ్గరికి వచ్చేసరికి పిల్లగాడు ఏడ్చిండు, పిల్లగాడు ఎందుకు ఏడ్చిండంటే చీమ కుట్టింది. అక్కడ ఆగి, ‘మిక్కీ మంచోడంటివి గద బిడ్డా, పసిపిల్లగాన్ని ఎట్ల కుడ్తడు?’ అని అడిగింది.

వాడు దుప్పటిలో నుంచి తల బయటపెట్టి చాలాసేపు ఆలోచించాడు. ‘మిక్కీ కుట్టడు’ అన్నాడు. మళ్లీ కొంచెం సేపటికి, ‘అయితే చీమ చీమనే ఉండాలె నాయనమ్మా’ అన్నాడు. ఆమె సరేనని, ‘నా బంగారు పుట్టల ఏలు వెడ్తే కుట్టనా?’ అని వాడి చేతి మీద చిన్నగా గిల్లింది. వాడి నవ్వు పక్క గదిలోకి వినిపించింది.

ఇప్పుడు రోజూ రాత్రి ఆమె చెబుతున్నది. బొమ్మలపెట్టె తమ్ముడు చెప్పిన రాక్షసుడి భార్య కథను కూడా నేను చెప్పాను, పొయ్యిలో దాచినప్పుడు జాక్ కాళ్లు కాలలేదా అని అడిగాడు. ఆమె చెప్పేవి మూడు ఫోనులో రికార్డు చేశాను. అయితే ఏడు చేపల లాగా ఒకదానికొకటి గొలుసుగా పోయే కథలు ఇంకా కావాలని వాడు పట్టుబడుతున్నాడు, మా అత్తమ్మకు గుర్తున్నవి రెండే. ములుగు, మహబూబాబాద్ వైపు మీ ఇండ్లల్లో అవ్వలు చెప్పేవి ఏమైనా ఉంటే, వారి మాటల్లోనే ఇక్కడ రాయగలరా?