లింకన్ బానిసల యజమాని తరఫున వాదించడం తప్పా, వృత్తి ధర్మమా?

వంశీ_ఇల్లినాయ్: 1847 అక్టోబరులో ఇల్లినాయ్‌లో, ఇక్కడి చార్ల్‌స్టన్ కోర్టులో లింకన్ ఎవరి వైపు నిలబడ్డాడో తెలుసా? రాబర్ట్ మాట్సన్ అనే కెంటకీ భూస్వామి వైపు. ఇల్లినాయ్‌లోని అతని పొలం నుంచి పారిపోయిన బానిస జేన్ బ్రయంట్‌నీ, ఆమె నలుగురు పిల్లల్నీ తిరిగి అప్పగించమని దావా. ‘బానిసల విమోచకుడు’ అని పాఠం చెప్పేటప్పుడు ఇదెవరూ చెప్పరే?

నల్లకోటు: లాయరు వాదించేది క్లయింటు మాట, సొంత నమ్మకం కాదు. తగిన ఫీజు ఇస్తే కేసు తీసుకోవాలనే మన బార్ కౌన్సిల్ నియమం కూడా చెబుతుంది. 1841లో నాన్స్ అనే నల్లజాతి స్త్రీ తరఫున గెలిచిందీ లింకనే.

వంశీ_ఇల్లినాయ్: నాన్స్ ఆయన క్లయింటు కాదండీ! ఆమెను కొన్న బెయిలీ క్లయింటు. అది ఆ కొనుగోలు డబ్బు తాలూకు ప్రోనోటు కేసు.

నల్లకోటు: ప్రోనోటైతేనేం? ఆమె బానిసని రుజువు లేదు కాబట్టి అమ్మకం చెల్లదని తేలిందా లేదా?

బాటసారి: ఇంతకీ మాట్సన్ కేసు ఎవరు గెలిచారు?

వంశీ_ఇల్లినాయ్: జేన్. ఇల్లినాయ్‌లో బానిసత్వం చెల్లదు కాబట్టి ఇక్కడ కాపురమున్నవాళ్లు స్వేచ్ఛాజీవులే; వాళ్లు పనికొచ్చి పోయేవాళ్లే, కాపురమున్నవాళ్లు కాదన్న లింకన్ వైపు వాదన నిలవలేదు. జడ్జీలు విల్సన్, ట్రీట్ విడిచిపెట్టారు.

గట్టు_తగాదా: మా గట్టు కేసులో కాగితాలన్నీ చూసి, మా అమ్మ చేతి కాఫీ తాగి వెళ్లిన లాయరు, వాయిదా నాటికి ఎదుటివాడి పక్కన నిలబడ్డాడు. జేన్‌కి ఆశ్రయమిచ్చిన డాక్టర్ రూథర్‌ఫర్డ్ కూడా లింకన్ దగ్గరికే వెళ్లాడట కదా? అందరూ అంతే.

నల్లకోటు: మీది వేరు, అది వేరు. మాట్సన్ మనుషులు లింకన్‌ని ముందే మాట్లాడుకున్నారు. తర్వాత ఆ కేసు వదులుకుని మీ వైపు వస్తానని లింకన్ కబురు పంపినా డాక్టరే వద్దన్నాడు.

వంశీ_ఇల్లినాయ్: దొరికారు! వదులుకోగలిగాడంటే నియమం ఆయన్ని కట్టెయ్యలేదన్నమాటేగా? అప్పటికే కాంగ్రెస్‌కి ఎన్నికైనవాడు, తిండికి లేక పట్టిన కేసూ కాదు.

నల్లకోటు: 1863లో బానిసలకు విముక్తినిచ్చిన ప్రకటన కనబడదా మీకు? ఒక్క కేసు పట్టుకుని వేలాడతారేం?

వంశీ_ఇల్లినాయ్: ఆ పిల్లలు వారాల తరబడి తల్లితో పాటు కౌంటీ జైల్లో ఉన్నారు. పదిహేనేళ్ల తర్వాత సంతకం పెడతాడని వాళ్లకెవరు చెప్పారు? అయినా లింకన్‌ని అంటే మీకెందుకండీ ఇంత మంట?

నల్లకోటు: ఎందుకా? పోయినేడు ఒక కౌలురైతుని ఖాళీ చేయించే కేసు గెలిచాను. చట్ట ప్రకారమే గెలిచాను. ఆయన కోర్టు మెట్ల మీద కూర్చుని తువ్వాలు మడతపెడుతూనే ఉన్నాడు, విప్పి మళ్లీ మడతపెడుతూ. లింకన్‌ది తప్పంటే నాదేమిటి మరి?

గట్టు_తగాదా: లాయరు గారూ, ఆ రైతు ఇప్పుడెక్కడున్నాడండీ?