డ్యూయల్‌సెన్స్ స్టిక్ మాడ్యూల్: కాళ్లు కట్ చేసి తీయాలా, సోల్డర్ కరిగించి మొత్తంగా లాగాలా?

డ్రిఫ్ట్_బాధితుడు
డ్యూయల్‌సెన్స్ (PS5 గేమ్ కంట్రోలర్) లెఫ్ట్ స్టిక్ బాగా డ్రిఫ్ట్ అవుతోంది, చెయ్యి తీసేసినా ప్లేయర్ కార్నర్ ఫ్లాగ్ వైపు నడిచి పోతున్నాడు. అయస్కాంతంతో పని చేసే హాల్ ఎఫెక్ట్ మాడ్యూల్ ఆర్డర్ పెట్టా. పాతది ఊడదీయడమే భయంగా ఉంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, కరిగిన సోల్డర్ పీల్చే సక్కర్, విక్ (రాగి జాలీ), ఫ్లక్స్ పేస్ట్ ఉన్నాయి. కట్ చేసేయమని కొందరు, అస్సలొద్దని కొందరు. ఏం చేయాలి?

సీసం183
కట్ చేయకు గురూ. ఒక్కో మాడ్యూల్‌కి 14 కాళ్లు, స్టిక్ కదలిక కొలిచే రెండు పాట్‌లకి (పొటెన్షియోమీటర్లు) మూడేసి, నొక్కుడు స్విచ్‌కి 4, రేకు బాడీకి 4. ఫ్యాక్టరీ సోల్డర్ లెడ్ ఫ్రీ, 217 డిగ్రీలు దాటితే గానీ కరగదు. 63/37 లెడ్ సోల్డర్ అయితే 183కే కరుగుతుంది, అందుకే అన్ని కాళ్ల మీదా అది దండిగా పోసి కలిపేయ్, అప్పుడు పాతది కూడా తొందరగా లొంగుద్ది, ఆ తర్వాత సక్కర్‌తో లాగేయడమే. ఐరన్ 350లో పెట్టు, అంతకు మించితే బోర్డు మీద కాళ్లు అతికే రాగి ప్యాడ్లు లేస్తాయి.

కోఠి_బెంచ్
25 వాట్ల ఐరన్‌ని 350లో పెట్టనీకి నాబ్ ఏడుంటది అన్నా?
రేకు బాడీ కాళ్లు గ్రౌండ్ రాగికి అతుక్కుని ఉంటయి, ఐరన్ బిట్ (మొన) పెట్టంగనే వేడంతా బోర్డే గుంజేస్తది. బిట్ 350 ఉన్నంత మాత్రాన జాయింట్ 350 ఉండదు. సగం కరిగినంక మనోడు ఆగలేక అటూ ఇటూ ఊపుతడు, ప్యాడే కాదు, హోల్ లోపలి రాగి గొట్టం కూడా కాలుతో పాటు బయటికొస్తది. ఎట్లాగూ పారేసే మాడ్యూలే. పక్కల పాట్‌లు విప్పెయ్, రేకు మెల్లగ కత్తిరించు, మిగిలిన కాళ్లు ఒక్కోటి వేడి చేసి ట్వీజర్‌తో తియ్యి. బోర్డుకి ఏ దెబ్బా తగలదు.

పిక్సెల్ పిల్లోడు
హాట్ ఎయిర్ కొట్టండి బ్రో, నిమిషంలో అయిపోద్ది

కోఠి_బెంచ్
పక్క స్టిక్ ప్లాస్టిక్ కూడా నిమిషంలనే అయిపోతది.

సీసం183
కట్ చేసేటప్పుడు కట్టర్ లాగే లాగుడు పడేది ఆ ప్యాడ్ల మీదే కదా, దాని గురించి మాట్లాడరేం? 350 అన్నది డిగ్రీలు సెట్ చేసుకునే సోల్డరింగ్ స్టేషన్ ఉన్నవాళ్లకి. 400 పెట్టే షాపుల వాళ్లని చాలామందిని చూశా, బోర్డు గోధుమ రంగుకి తిరిగిపోతుంది. 350 చాలు అంటే చాలు.

అమలాపురం రేడియో
బిస్మత్ కలిసిన లో మెల్ట్ అల్లాయ్ (తక్కువ వేడికే కరిగే లోహ మిశ్రమం) దొరుకుతుంది, అది పూస్తే సోల్డర్ చాలాసేపు గడ్డకట్టదు, మాడ్యూల్ దానంతటదే జారి వస్తుంది. కాకపోతే తర్వాత విక్‌తో పూర్తిగా తుడిచేయాలి. మిగిలిపోయి లెడ్‌తో కలిస్తే కొత్త జాయింట్ పెళుసుగా ఉంటుంది. కాస్త ఖరీదే.

కోఠి_బెంచ్
పొద్దున్నించి 350, 350. వాట్లు లేని ఐరన్‌కి డిగ్రీలు చెప్తే ఏం లాభం? అడిగింది 25 వాట్ల పిలగాడు.

సీసం183
మీకు మంట ఎందుకో తెలుసులెండి. జనం ఇంట్లో చేసుకుంటే మీ గల్లా పెట్టె నిండదు. నేనూ ఒక షాపులో ఇచ్చా ఒకసారి, ఒరిజినల్ మాడ్యూల్ అని చెప్పి ఏదో నాసిరకం వేసి పంపారు, నెల తిరక్కుండా మళ్లీ డ్రిఫ్ట్. అడిగితే "మీరు గట్టిగా ఆడుతున్నారు సార్" అన్నాడు. ఆ రోజే ఐరన్ కొన్నా.

కోఠి_బెంచ్
గల్లా పెట్టె మాటొచ్చింది కాబట్టి చెప్తున్న. మీరు "ఈజీ గురూ" అని రాస్తరు, పిలగాడు చేస్తడు, బోర్డు మీది రాగి ట్రాక్ లేస్తది, సంచిలేసుకుని నా దగ్గరికొస్తరు. నేను మైక్రోస్కోప్ కింద జంపర్ వైర్ లాగాలె. పైసలు చెప్తే "చిన్న పనికి ఇంతనా" అని అక్కడ్నే కొట్లాట. పని చేసినంక రెండో నెల ఏ బటన్ పని చెయ్యకపోయినా నా మీదికే. ఇంట్ల చేసుకోవద్దంటలేను. మొదటిసారి చేసేది బతికున్న కంట్రోలర్ మీద చెయ్యకుండ్రి అంటున్న, అంతే.

సీసం183
అది ముందే చెప్పొచ్చుగా. కటింగా, కరిగించడమా అని ఇంత సేపు...
అయినా అతని కంట్రోలర్, అతని ఇష్టం. పాడైతే అతనిదేగా పోయేది.

డ్రిఫ్ట్_బాధితుడు
అంటే... అది మా బావది అన్నా. ఊరెళ్లాడు, ఆదివారం వస్తాడు.

పిక్సెల్ పిల్లోడు
😂😂 అయిపోయావ్

అమలాపురం రేడియో
అయితే ఇప్పుడే ఐరన్ జోలికెళ్లకు నాన్నా. పాట్ పక్క మూత నెమ్మదిగా ఊడుతుంది, లోపల తిరిగే చక్రాన్నీ కార్బన్ ట్రాకునీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి చూడు. అరిగిపోయి ఉంటే కుదరదు, దుమ్మే అయితే కొన్నాళ్లు నడుస్తుంది. మాడ్యూల్ మార్చినా మళ్లీ క్యాలిబ్రేట్ చేయాల్సిందే (సెంటర్ ఎక్కడో కంట్రోలర్‌కి నేర్పాలి), లేకపోతే కొత్తది కూడా సెంటర్‌లో నిలవదు.

డ్రిఫ్ట్_బాధితుడు
తుడిచి చూస్తా. ఇంట్లో పాడైపోయిన సెట్‌టాప్ బాక్స్ ఉంది, దాని బోర్డు మీద ప్రాక్టీస్ చేయొచ్చా? ఏది తీయాలి?

కోఠి_బెంచ్
వెనక కేబుల్ గుచ్చే ట్యూనర్ రేకు డబ్బా తియ్యి. దాని రేకు కాళ్లు కూడా గ్రౌండ్‌కే ఉంటయి. ఆ కాళ్లకి నీ 25 వాట్లు చాలకపోతే కంట్రోలర్‌కి కూడా చాలవు, కనీసం 60 వాట్ల స్టేషన్, వెడల్పు బిట్ తెచ్చుకో. హైదరాబాద్ కోఠిల గుజరాతీ గల్లీల దొరుకుతది.

సీసం183
ముందు లెడ్ సోల్డర్ పోసి చూడు.