ఓఎస్‌పీఎఫ్‌లో డీఆర్ పదవి: ముందు లేచిన రౌటర్‌దా, ప్రయారిటీ ఎక్కువున్న రౌటర్‌దా?

రాత్రి_డ్యూటీ:
రౌటర్లు దారుల సమాచారం పంచుకునే ప్రోటోకాల్ ఓఎస్‌పీఎఫ్. అందులో ఒకే సెగ్మెంట్ మీది రౌటర్లలో ఒకటి డీఆర్ (అందరికీ సమాచారం పంచేది), మరొకటి బీడీఆర్ (దాని బ్యాకప్) అవుతాయి. ఒకసారి డీఆర్ కుదిరాక, ఎక్కువ ప్రయారిటీతో తరువాత వచ్చిన రౌటర్ దానిని దించదు. మొన్న మా దగ్గర కరెంటు పోయి వచ్చింది. ఒకే ఈథర్‌నెట్ సెగ్మెంట్ మీద పది రౌటర్లు. ఒక పాత చిన్న రౌటర్ అన్నిటికంటే ముందు లేచి, వెయిట్ టైమర్ 40 సెకన్లు చూసి, పోటీ లేక డీఆర్ అయింది. తరువాత లేచిన మరో చిన్నది బీడీఆర్. ప్రయారిటీ 200 ఉన్న కోర్ రౌటర్ లేవడానికి పావుగంట పట్టింది. అప్పటికి రెండు పదవులూ భర్తీ అయ్యాయి. దాని ప్రయారిటీని 255కు పెంచినా ఏమీ మారలేదు. అదే ఐఎస్-ఐఎస్ అనే మరో రౌటింగ్ ప్రోటోకాల్‌లో అయితే ఎక్కువ ప్రయారిటీ ఉన్నది రాగానే డీఐఎస్ (అక్కడి డీఆర్ లాంటిది) పదవి తీసుకుంటుంది. ఓఎస్‌పీఎఫ్‌లోనూ అలాగే ఉండాలి.

ల్యాబ్_అధ్యాపకురాలు:
ఐఎస్-ఐఎస్‌తో పోలిక ఇక్కడ నిలవదండి. అందులో సెగ్మెంట్ మీది రౌటర్లన్నీ ఒకదానితో ఒకటి అడ్జసెన్సీ (డేటాబేస్ సరిచూసుకునే పొత్తు) పెట్టుకునే ఉంటాయి. డీఐఎస్ మారితే సూడోనోడ్ ఎల్ఎస్పీ (సెగ్మెంట్ తరఫున డీఐఎస్ పంపే ప్రకటన), దానిని చూపే రౌటర్ల ఎల్ఎస్పీలు మారతాయి, అడ్జసెన్సీలు మాత్రం కదలవు. అందుకే అక్కడ బ్యాకప్ కూడా పెట్టలేదు.

ఓఎస్‌పీఎఫ్ పొదుపంతా డీఆర్ మీదే నిలిచి ఉంది. పది రౌటర్లు పరస్పరం కలిస్తే 45 అడ్జసెన్సీలు. డీఆర్, బీడీఆర్ ఉంటే 17 చాలు. మిగతావి తమలో తాము టూ-వే (ఒకదాన్నొకటి గుర్తించిన దశ) దగ్గరే ఆగిపోతాయి. మీ కోర్ రౌటర్ వచ్చీ రాగానే డీఆర్‌ను దించితే, మిగిలిన ఏడింటితో డేటాబేస్ మొదటి నుంచి సరిచూసుకోవాలి. పాత నెట్‌వర్క్ ఎల్ఎస్ఏ (సెగ్మెంట్ మీద ఎవరెవరున్నారో డీఆర్ చెప్పే ప్రకటన) పోయి కొత్తది రావాలి, ఏరియాలోని ప్రతి రౌటర్ ఎస్పీఎఫ్ (దగ్గరి దారుల) లెక్క మళ్లీ వేయాలి. ఆ కోర్ లింకు పడుతూ లేస్తూ ఉందనుకోండి, లేచిన ప్రతిసారీ ఇదే తంతు. దానికంటే చిన్న రౌటర్ డీఆర్‌గా ఉండటమే మేలు.

పాత_కేబుల్:
ఒక మాట కలుపుతాను. డీఆర్ గుండా ట్రాఫిక్ పోదు. ప్యాకెట్లు నేరుగా తరువాతి రౌటర్‌కే వెళతాయి. డీఆర్ చేసేది ఎల్ఎస్ఏలను అందరికీ పంచడం, నెట్‌వర్క్ ఎల్ఎస్ఏ పుట్టించడం. పది రౌటర్ల సెగ్మెంట్‌లో ఆ పని చిన్న రౌటర్‌కు పెద్ద భారం కాదు.

రాత్రి_డ్యూటీ:
ఇద్దరికీ ధన్యవాదాలు. అడ్జసెన్సీల లెక్క ఒప్పుకుంటున్నాను. నా ఫిర్యాదు వేగం గురించి కాదు, డీఆర్ ఎవరో ముందుగా తెలియకపోవడం గురించి. ఓఎస్‌పీఎఫ్‌ను నిర్వచించే 1998 నాటి ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 2328 కూడా దీనిని దాచలేదు: ఈ నియమం వల్ల డీఆర్ ఎవరో ఊహించడం కష్టమని, బదులుగా డీఆర్ తరచూ మారదని అందులోనే ఉంది. అర్ధరాత్రి సమస్య వెతికేవాడికి ఆ ఊహే ఆధారం. చిన్నవాటన్నిటికీ ప్రయారిటీ 0 (అంటే డీఆర్ కాలేనివి) పెట్టమంటారు. కోర్ రౌటర్లు రెండూ ఒకేసారి పడిపోతే? డీఆర్ కాగలిగేది ఒక్కటీ మిగలదు. అన్నీ టూ-వే దగ్గరే ఉండిపోతాయి, ఆ సెగ్మెంట్ గుండా దారులే ఉండవు.

ల్యాబ్_అధ్యాపకురాలు:
అందుకే 0 అన్నిటికీ వద్దు. రెండు కోర్లకు 200, 150, నమ్మకమైన మూడోదానికి 1, మిగతావాటికి 0. ఈసారి మూడోదే ముందు లేచినా, తరువాత వచ్చే కోర్ బీడీఆర్ అవుతుంది. పని తక్కువున్న వేళ చూసి మూడోదాని మీద ఓఎస్‌పీఎఫ్ ప్రాసెస్‌ను మళ్లీ మొదలుపెట్టండి, కోర్ డీఆర్ అవుతుంది. ఎప్పుడు మారాలో మీరే నిర్ణయిస్తారు.

రాత్రి_డ్యూటీ:
ఈ వారమే ల్యాబ్‌లో చేసి చూస్తాను. నియమం మీద నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది. కనీసం ఇష్టపడినవాళ్లు ఆన్ చేసుకునేలా ఒక ఐచ్ఛిక సెట్టింగుగానైనా ఇచ్చి ఉండవలసింది.