శెనక్కాయ అలర్జీ ఉన్న పిల్లతో తిరుపతిలో ఎలా నెట్టుకొస్తున్నారు?

మా పాపకు ఆరేళ్లు. శెనక్కాయలు అస్సలు పడవు. దద్దుర్లతో పోయే రకం కాదు, పెదాలు వాచి ఊపిరి ఆడదు. శెనక్కాయే ప్రధాన పంటైన మన చిత్తూరు వైపు దీన్ని తప్పించుకోవడం మాటలా!

ఇంట్లో పర్వాలేదు, బయటే టెన్షన్. టిఫిన్ సెంటర్‌లో అడిగితే "లేదమ్మా, ఉత్త టెంకాయ చట్నీనే" అంటారు. కళ్లముందే శెనక్కాయ చట్నీలో ముంచిన గరిటెతోనే అదీ వడ్డిస్తారు. రిఫైన్డ్ నూనెలో ప్రోటీన్ దాదాపు ఉండదు గానీ గానుగ నూనెలో మిగిలిపోతుందట. ఇప్పుడేమో అందరికీ గానుగ నూనే గొప్ప! పెళ్లిళ్లలో పులిహోర దగ్గర "ఏరి పక్కన పెట్టి తినిపించు, ఏం కాదులే" అనే పెద్దవాళ్లకు మీరేం చెప్తున్నారు?

అసలు విషయం ఇది. ఊపిరి అందనప్పుడు అలర్జీ మాత్ర సరిపోదు, వెంటనే తొడకు అడ్రినలిన్ ఇంజక్షన్ వేసి ఆసుపత్రికి పరిగెత్తాలన్నారు డాక్టర్. పెన్నులా ఉండే రెడీ ఇంజక్షన్ తిరుపతిలో ఎవరైనా తెప్పించి ఇస్తున్నారా? లేదంటే డాక్టర్ చేత డోసు రాయించుకుని, మందు, సిరంజి స్కూల్లో పెట్టించిన వాళ్లున్నారా? వేయడానికి టీచర్లు ఒప్పుకున్నారా, వాళ్లకు ఎవరు నేర్పించారు?